ముఖాలు గుర్తుపట్టడం పుట్టుకతో వస్తుందా, వయసుతో వస్తుందా?

కూకట్‌పల్లి నాన్న:
మా పాపకు ఏడేళ్ళు. పెళ్ళిలో తనను ఎత్తుకు తిరిగిన మా పెద్దక్క మొన్న ఇంటికొస్తే, "ఈ ఆంటీ ఎవరు?" అనేసింది. అక్క అలిగింది, తిట్లు నాకు. ఆ వయసుకు మెదడులో ముఖాల భాగం ఇంకా ఎదుగుతూనే ఉంటుందని నా వాదన. కాదనేవాళ్ళున్నారా?

తార్నాక టీచర్:
నేనున్నాను. పుట్టిన కాసేపటికే శిశువు ముఖంలాంటి బొమ్మ వెంట కళ్ళు తిప్పుతుందని 1975లోనే చూపించారు. ఆరు నెలల పిల్లలైతే కోతుల ముఖాల్లో కూడా తేడా పట్టేస్తారు, తొమ్మిది నెలలకు ఆ నేర్పు పోతుంది. అసలు సరంజామా అప్పటికే సిద్ధం. తర్వాత పెరిగేవి శ్రద్ధ, జ్ఞాపకం. క్రూక్స్, మెకోన్ అనే పరిశోధకులు 2009లో వాదించింది ఇదే. మీ పాప ఆ రోజు ఐస్‌క్రీం కౌంటర్ వైపే చూసుంటుంది లెండి.

కూకట్‌పల్లి నాన్న:
శ్రద్ధే కారణమైతే అన్నిటికీ ఒకేలా పెరగాలి కదా మేడం? 2017లో స్టాన్‌ఫర్డ్‌లో గోమెజ్, గ్రిల్-స్పెక్టర్ బృందం 5-12 ఏళ్ళ పిల్లలనూ పెద్దలనూ స్కాన్ చేసింది. మెదడులో ముఖాలకు స్పందించే ఫ్యూసిఫార్మ్ అనే భాగంలో కణజాలం పెద్దల్లో ఎక్కువుంది. ఆ దగ్గర్లోనే ప్రదేశాలకు స్పందించే భాగంలో ఆ తేడా లేదు. మా పాప కూడా అత్తను మరిచిపోయింది గానీ, ఆ ఫంక్షన్ హాల్‌ని బస్సులోంచే గుర్తుపట్టింది!

మెడికో తమ్ముడు:
అన్నా, పెరిగిందని స్కాన్ చెబుతుంది, ఎందుకు పెరిగిందో చెప్పదు. రోజూ ముఖాలు చూసీ చూసీ పెరిగి ఉండొచ్చుగా? పుట్టుకతో శుక్లాలున్న పిల్లల మీద కెనడాలో మారర్ బృందం చేసిన పని చూడండి, 2001లో వచ్చింది. రెండు నుంచి ఆరు నెలల వయసులో చూపు వచ్చింది. తొమ్మిదేళ్ళు పైబడినా, చూపించిన ముఖం ఫొటోలో కళ్ళ మధ్య దూరం మారిస్తే తేడా సరిగా పట్టలేకపోయారు. కళ్ళు, నోరు మారిస్తే మాత్రం మామూలుగానే పట్టేశారు.

తార్నాక టీచర్:
బాబూ, అది నా వైపు సాక్ష్యమే. తొలి నెలల్లోనే పునాది పడుతోందిగా.

మెడికో తమ్ముడు:
పునాది పడితే ఇల్లయిపోదు కదా మేడం! 2011లో 60 వేల మందికి పైగా ఆన్‌లైన్‌లో పరీక్షిస్తే, కొత్త ముఖాలు నేర్చుకోవడం 30 దాటాక గానీ శిఖరానికి చేరలేదు. పేర్ల జ్ఞాపకం ఇరవైల్లోనే చేరింది. ఉత్త జ్ఞాపకమే అయితే రెండూ కలిసే పెరగాలి. అన్నా, ఇంతకీ అక్కగారు రెండుసార్లూ ఒకేలా ఉన్నారా? ఆరేళ్ళ పిల్లలు టోపీ, బట్టలు చూసి పొరబడతారని కేరీ, డైమండ్ 1977లోనే రాశారు.

కూకట్‌పల్లి నాన్న:
పెళ్ళిలో పట్టుచీర, తలనిండా పూలు. మొన్న చుడీదార్, కళ్ళజోడు. ఇది అక్కకు ఫార్వర్డ్ చేస్తున్నా.