జార్జ్ ఎలియట్ మగపేరు ఎందుకు పెట్టుకుంది?

పుస్తకాల అటక:
పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు నవల 'సైలస్ మార్నర్' ఇప్పుడే పూర్తిచేశా, జార్జ్ ఎలియట్ రాసింది. రాసినావిడ అసలు పేరు మేరీ ఆన్ ఇవాన్స్ అని తెలుసు, కానీ ఎక్కడ చూసినా ఒకటే మాట, ఆడవాళ్ళు రాస్తే ఎవరూ వేసేవాళ్ళు కాదు, అందుకే మగపేరు అని. అదే రోజుల్లో ఎలిజబెత్ గాస్కెల్ నవలలు రాసేది ఒక ఆవిడని తెలిసే అందరూ చదివారు కదా? పైగా గుట్టు బయటపడ్డాక కూడా ఈవిడ పేరు మార్చుకోలేదు. ఎందుకంటారు?

గోదారి గట్టు:
అసలు తంటా సంసారం దగ్గర ఉందండీ. 1854 నుంచి జార్జ్ హెన్రీ లూయిస్‌తో కలిసి ఉంది. ఆయనకి పెళ్ళయింది, విడాకులు రావు. భార్యకి వేరే అతనితో పుట్టిన బిడ్డకి తండ్రిగా తన పేరే రాయించాడు కాబట్టి అన్నీ తెలిసి ఒప్పుకున్నట్టే లెక్క, ఇక కోర్టుకెళ్ళినా లాభం లేదు. లండన్‌లో మర్యాదస్తులు ఆయన్ని భోజనానికి పిలిచేవాళ్ళు, ఈవిడని మాత్రం పిలిచేవాళ్ళు కాదు! సొంత అన్న ఐజాక్ కూడా 1857లో సంగతి తెలిశాక మాటలు మానేశాడు, మళ్ళీ ఉత్తరం రాసింది 1880లో ఆవిడ వేరొకరిని చర్చిలో పెళ్ళి చేసుకున్నాకే. అలాంటప్పుడు సొంత పేరుతో నవల వేస్తే జనం పుస్తకం చదువుతారా, ఆవిడ సంసారం గురించి మాట్లాడుకుంటారా?

మధ్యాహ్నం కాఫీ:
పైది నిజమే కానీ ఇంకోటి ఉంది. 1856లో వెస్ట్‌మిన్‌స్టర్ రివ్యూ అనే లండన్ పత్రికలో ఆడవాళ్ళు రాసే చెత్త నవలల్ని ఏకిపారేస్తూ ఒక వ్యాసం రాసింది, అదీ తన మొదటి కథ మొదలుపెట్టిన రోజుల్లోనే. ఆ నోటితోనే ఆడపేరుతో నవల వేస్తే విమర్శకులు ఊరుకుంటారా? జార్జ్ అనేది లూయిస్ పేరే, ఎలియట్ అనేది పలకడానికి బావుందని పెట్టుకుందట. డికెన్స్ మాత్రం ఆవిడ మొదటి కథల పుస్తకం చదివే, ఇది ఆడమనిషి రాసిందే అని పట్టేశాడు.

ఇంకో తమాషా, ఆవిడ పుట్టిన నన్‌ఈటన్ వైపు వాళ్ళు ఆ కథలు రాసింది లిగిన్స్ అనే మా ఊరాయనే అని ప్రచారం చేశారు. పాదిరీలు కొందరు ఆయన్ని చూద్దామని వెళ్తే పంపు దగ్గర గిన్నె కడుక్కుంటూ కనిపించాడని, అంత గొప్ప రచయితకి పనిమనిషి కూడా లేదా, పబ్లిషర్ పైసా ఇవ్వలేదా అని జనం జాలిపడ్డారు. ఆవిడ నవల 'ఆడమ్ బీడ్' వచ్చిన 1859లో ఇది మరీ ముదిరింది. చివరికి ఆవిడే బయటపడక తప్పలేదు.

గోదారి గట్టు:
అప్పటికే ఆ పేరుకి గిరాకీ వచ్చేసింది, ఇక మార్చడం దేనికి? మార్చినా ఏం పెట్టుకోవాలి? ఇవాన్స్ అంటే ఆవిడే ఒప్పుకోదు, మిసెస్ లూయిస్ అని పిలిపించుకునేది. అది అట్టమీద వేస్తే ఊరంతా నవ్వుతుంది. మన వారపత్రికల్లో ఒకప్పుడు మగవాళ్ళే ఆడపేర్లతో సీరియల్స్ రాశారు, అదీ గిరాకీ కోసమే.

పుస్తకాల అటక:
థాంక్సండీ ఇద్దరికీ. తర్వాత 'మిడిల్‌మార్చ్' మొదలుపెట్టొచ్చా?

మధ్యాహ్నం కాఫీ:
అది చాలా పెద్దది, మొదట్లో 8 భాగాలుగా వచ్చింది. ముందు 'ది మిల్ ఆన్ ది ఫ్లాస్' చదవండి, అన్నాచెల్లెళ్ళ కథ. ఐజాక్ సంగతి తెలిసి చదివితే ఇంకా బావుంటుంది.