ఘనాలో నారకోసం హెంప్ సాగు: లైసెన్సు విషయంలో సలహా కావాలి

అక్రాలో వ్యాపారం చేస్తున్న మా బావగారు నార, గింజల కోసం హెంప్ సాగు చేయాలనుకుంటున్నారు. (ఇది మన జనపనార కాదు, మత్తు దాదాపు లేని గంజాయి రకమే.) నాకు తెలిసినంతవరకు, ఎండు బరువులో టీహెచ్‌సీ (మత్తు కలిగించే రసాయనం) 0.3 శాతం మించని మొక్కల సాగుకు మంత్రి లైసెన్సు ఇవ్వవచ్చని 2020 నాటి నార్కోటిక్స్ కంట్రోల్ కమిషన్ చట్టంలోని 43వ సెక్షన్ చెప్పింది. పార్లమెంటులో తగిన చర్చ లేకుండానే దాన్ని చేర్చారన్న కారణంతో సుప్రీంకోర్టు 2022 జులైలో 4-3 మెజారిటీతో ఆ సెక్షన్‌ను కొట్టివేయగా, 2023లో పార్లమెంటు సవరణ ద్వారా దాన్ని మళ్లీ తెచ్చింది. లైసెన్సు లేని సాగు మాత్రం నేరమే.

ఆయన చేతిలో ఉన్న విత్తన సంస్థ ల్యాబు కాగితంలో 0.28 శాతం అని ఉంది. ఎండ, కోత ఆలస్యం వల్ల ఆ అంకె పెరిగే ప్రమాదం ఉంది కనుక నాకు అదే భయం. పొలంలో నమూనాను ఏ దశలో తీస్తారు? పరిమితి దాటిన పంటను తగలబెట్టాల్సిందేనా? విత్తనాల దిగుమతికి విడిగా అనుమతి కావాలా? అక్కడ లైసెన్సు ప్రక్రియను స్వయంగా చూసినవారు దయచేసి వివరించగలరు.