1996లో 480 మంది పోటీ: నల్గొండకు గౌరవమా, మచ్చా?

కాలువగట్టు
మన నల్గొండ లోక్‌సభ స్థానం చరిత్ర ఒకచోట రాసి పెట్టాలని కూర్చున్నాను. 1952లో రావి నారాయణరెడ్డి గారు, 1971లో తెలంగాణ ప్రజాసమితి తరఫున కంచర్ల రామకృష్ణారెడ్డి, 1984లో తెలుగుదేశం రఘుమారెడ్డి, 1991లో, 1996లో సీపీఐ ధర్మభిక్షం, తర్వాత సురవరం, గుత్తా, ఉత్తమ్, 2024లో ఐదున్నర లక్షల పైచిలుకు మెజారిటీతో రఘువీర్‌రెడ్డి. అంతా బాగానే వచ్చింది, 1996 దగ్గర ఆగిపోయాను. ఆ ఏడు ఒక్క సీటుకు 480 మంది నిలబడ్డారు. బ్యాలెట్ పుస్తకమైంది, పోలింగ్ వాయిదా పడింది. దాన్ని ఘనతగా రాయాలని కొందరు ఫోన్ చేసి చెబుతున్నారు. నా ఉద్దేశంలో అది ఎన్నికను ఆటబొమ్మ చేయడమే. మీరేమంటారు?

మర్రిగూడ బిడ్డ
ఆటబొమ్మ అన్న మాట తీసెయ్యండి సార్. అది నీళ్ళ కోసం చేసిన పోరాటం. దుశర్ల సత్యనారాయణ గారి జలసాధన సమితి పిలుపుతో జనం నామినేషన్లు వేశారు. అప్పుడు డిపాజిట్ 500 రూపాయలు. మా నాయిన ఒక గొర్రెను అమ్మి కట్టాడు. ఓడిపోతాడని ఆయనకు తెలుసు, డిపాజిట్ పోతుందనీ తెలుసు. మా ఊరి నీళ్ళలో ఫ్లోరైడ్ విషం ఉందని ఢిల్లీలో ఒక్కడన్నా చదవాలని కట్టాడు.

లెక్కల పుస్తకం
1996 సంగతి పక్కన పెట్టండి. 1952 గురించి ఏం రాస్తున్నారు? రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయని రాయకండి. అది ద్విసభ్య నియోజకవర్గం, ఒకే సీటు నుంచి ఇద్దరు ఎంపీలు. ఓటరుకు రెండేసి ఓట్లు. ఆ పోలిక చెల్లదు.

పాత పేపర్లు
ఎందుకు చెల్లదు? నెహ్రూ నిలబడ్డ అలహాబాద్ తూర్పు, జౌన్‌పూర్ పశ్చిమం కూడా ద్విసభ్యమే. అక్కడ ఆయనతో పాటు మసూరియా దీన్ గెలిచారు. ఇక్కడ రావితో పాటు సుంకం అచ్చాలు. ఓటరుకు రెండు ఓట్లున్నా ఒకే మనిషికి రెండూ వేయడానికి లేదు. కాబట్టి 3,09,162 అంటే అంతమంది మనుషులే. నెహ్రూకు 2,33,571. పోలిక చక్కగా చెల్లుతుంది.

లెక్కల పుస్తకం
ఓటర్ల సంఖ్య, పోలింగ్ శాతం రెండుచోట్లా ఒకటేనా? కాదు కదా. అందుకే చెల్లదంటున్నాను.

పాత పేపర్లు
ముందు ద్విసభ్యం అన్నారు, ఇప్పుడు శాతం అంటున్నారు. ఏదో ఒక మాట మీద నిలబడండి. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉంటే పీడీఎఫ్ (పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్) పేరుతో నిలబడి తెచ్చుకున్న ఓట్లవి. నాలుగేళ్ళు తుపాకుల మధ్య బతికిన జనం వేసిన ఓట్లు.

రిటైర్డ్ టీచర్
1996లో నేను పోలింగ్ డ్యూటీ చేశాను. ఘనత అనేవాళ్ళు ఆ రోజు బూత్‌లో కూర్చోలేదు. ప్రతి బ్యాలెట్ వెనక సంతకం పెట్టాలి. మధ్యాహ్నానికి వేళ్ళు బిగుసుకుపోయాయి. ముసలమ్మలు పేజీలు తిప్పుతూ సీపీఐ గుర్తు కంకి కొడవలి ఎక్కడుందో దొరక్క బయటికొచ్చి నన్నడిగేవారు. చెప్పకూడదు. చెప్పకపోతే తిట్టేవారు. బయట ఎండలో క్యూ కదలదు. ఓటు వెయ్యకుండానే వెళ్ళిపోయినవాళ్ళను నా కళ్ళతో చూశాను. పేదవాడి ఓటును పేదవాడే అడ్డుకున్నట్టయింది.

మర్రిగూడ బిడ్డ
మీ వేళ్ళు ఒక్క మధ్యాహ్నం బిగుసుకున్నాయి సార్. మా నాయినకు జీవితాంతం బిగుసుకునే ఉన్నాయి. మెడ తిప్పలేడు. ఎవరన్నా పిలిస్తే ఒళ్ళంతా తిప్పి చూసేవాడు. నేల మీద కూర్చోలేక గోడకు ఒరిగి నిలబడి తినేవాడు. ఫ్లోరైడ్ నీళ్ళు మరగబెట్టి తాగమని ఒక ఆస్పత్రిలో చెప్పారు మాకు. మరగబెడితే నీళ్ళు తగ్గుతాయి కానీ ఫ్లోరైడ్ పోదు, ఇంకా చిక్కబడుతుంది. ఆ సంగతి మాకు తెలిసేసరికి చెల్లెలి పళ్ళు గోధుమరంగుకు తిరిగాయి.

కాలువగట్టు
బాధ అందరికీ అర్థమవుతోంది తమ్ముడూ. నా ప్రశ్న వేరు. ఫలితం ఏమిటి? అదే ఏడాది పార్లమెంటు చట్టం మార్చింది. లోక్‌సభ డిపాజిట్ 500 నుంచి 10,000 అయింది, ఎస్సీ, ఎస్టీలకు 5,000. గుర్తింపు పొందిన పార్టీ కాకపోతే పదిమంది ప్రతిపాదించాలి. నల్గొండ, ఇలాగే వందలమంది నిలబడ్డ కర్ణాటకలోని బెల్గాం, తమిళనాడులో 1,033 మంది నిలబడ్డ మొడకురిచ్చి అసెంబ్లీ సీటు, ఈ మూడూ కలిసి పేదవాడికి నామినేషన్ దారి మూసేశాయి. ఇప్పుడు 25,000. మీ నాయిన ఇవాళ ఎన్ని గొర్రెలు అమ్మాలి?

పసుపు కొమ్ము
దారి మూతపడలేదు. మా నిజామాబాద్‌లో 2019లో పసుపు బోర్డు కావాలని రైతులం 170 మందికి పైగా నామినేషన్లు వేశాం, మొత్తం 185 మంది. ఒక్కో బూత్‌లో పన్నెండు బ్యాలెట్ యూనిట్లు పెట్టారు. సిట్టింగ్ ఎంపీ ఓడిపోయారు. 2025లో పసుపు బోర్డు వచ్చింది.

కాలువగట్టు
మీ దగ్గర సిట్టింగ్ ఎంపీ ఓడారు. ఇక్కడ 480 మంది నిలబడ్డా గెలిచింది పాత ఎంపీ ధర్మభిక్షం గారే. అంటే నామినేషన్ వేసినవాళ్ళ ఇళ్ళల్లో కూడా ఓటు కంకి కొడవలికే పడింది. మరి నిరసన ఎవరి మీద?

మర్రిగూడ బిడ్డ
నిజమే, మా అమ్మ కూడా కంకి కొడవలికే వేసింది. మా నాయినకు తెలిసే వేసింది. ధర్మభిక్షం గారి మీద కోపం మాకెప్పుడూ లేదు. నీళ్ళు ఇవ్వాల్సింది సర్కారు. శ్రీశైలం ఎడమగట్టు కాలువ కావాలని అడిగాం. ఆ కాలువ కోసం తవ్వుతున్న సొరంగం ఇప్పటికీ పూర్తికాలేదు, 2025 ఫిబ్రవరిలో కూలి ఎనిమిది మంది అందులోనే చిక్కుకున్నారు. పుట్టంగండి దగ్గర ఎత్తిపోతలు కట్టి కృష్ణా నీళ్ళు పైకి తెచ్చారు, అందులోంచి పైపుల్లో హైదరాబాద్‌కు కూడా పంపారు. మా ఇంట్లో నల్లా నీళ్ళు వచ్చేసరికి నాయిన పోయాడు.

లెక్కల పుస్తకం
1952 సంగతి ఇంకా తేలలేదు.

కాలువగట్టు
చూడు తమ్ముడూ, నీళ్ళు ఒక్క మీకే రాలేదన్నట్టు మాట్లాడకు. మేమూ నల్గొండ జిల్లావాళ్ళమే. 480 మంది కథ వల్ల జిల్లా అంటే వంకర కాళ్ళు, ఫ్లోరైడ్ అని పేరు పడిపోయింది. మా అక్కను చూడటానికి వచ్చినవాళ్ళు పళ్ళు చూపించమన్నారు. మాది మిర్యాలగూడ వైపు, మా ఊళ్ళో ఫ్లోరైడే లేదు. అయినా ఆ సంబంధం తప్పిపోయింది. ఆ రోజు మా అక్క ఏడ్చిన ఏడుపు నేను మరిచిపోలేను.

మర్రిగూడ బిడ్డ
ఇప్పుడు బయటపడింది అసలు మాట. మీకు 1967 నుంచే సాగర్ ఎడమకాలువ ఉంది. రెండు పంటల వరి తిన్నారు. మేం తాగడానికి గుక్కెడు నీళ్ళడిగితే మీ పరువు పోయిందా? ఇంకో సంగతి. 1996లో మీకు నల్గొండ సీట్లో ఓటే లేదు. మీది మిర్యాలగూడ లోక్‌సభ. 2008 పునర్విభజనలో ఆ సీటు తీసేస్తే మీరు నల్గొండలోకి వచ్చారు. మా మునుగోడు భువనగిరికి పోయింది. నామినేషన్ వేసింది మేము. ఇవాళ ఆ చరిత్ర రాస్తున్నది మీరు.

పాత పేపర్లు
ఆ మాట నిజం. రావి నారాయణరెడ్డి సొంతూరు బొల్లేపల్లి కూడా ఇప్పుడు భువనగిరి వైపే.

కాలువగట్టు
కాలువ నేను తవ్వించుకోలేదు. మా తాత కూలికి వెళ్ళి తవ్వాడు. వరి తిన్నారని ఎత్తిపొడవడం బాగాలేదు. కానీ సీట్ల సంగతి... నేను ఆలోచించలేదు. పేరు ఒకటే కదా అని వరసగా రాసుకుంటూ పోయాను.

రిటైర్డ్ టీచర్
మర్రిగూడ తమ్ముడూ, నా డ్యూటీ పడింది మీ పక్క నాంపల్లి మండలంలో. రాత్రి బడిలో పడుకున్నాం. ఊరివాళ్ళు బిందెతో నీళ్ళు తెచ్చి పెట్టారు. ఆ నీళ్ళు తాగడానికి భయమేసి, మా టీమ్ ఐదుగురం ఇంటి నుంచి తెచ్చుకున్న సీసాలే తాగాం. బిందె అలాగే ఉండిపోయింది. తెల్లారి ఆ తల్లి వచ్చి చూసి, ఏమీ అనకుండా ఎత్తుకుపోయింది. ఇన్నేళ్ళూ సంతకాల నొప్పి గురించే చెబుతూ వచ్చాను, ఈ బిందె సంగతి ఎవరికీ చెప్పలేదు.

మర్రిగూడ బిడ్డ
మా దగ్గర చుట్టాలు కూడా సీసాలు తెచ్చుకునేవారు సార్.

కాలువగట్టు
ఆటబొమ్మ అన్న మాట కొట్టేశాను. 1996 దగ్గర ఏ ఊళ్ళవాళ్ళు నిలబడ్డారో, ఆ ఊళ్ళు ఇప్పుడు ఏ సీట్లో ఉన్నాయో రాస్తాను. మచ్చా గౌరవమా అన్నది రాయను, నా అభిప్రాయం నాకుంది. తమ్ముడూ, మీ నాయిన పోటీ చేసినప్పటి కాగితం ఏదన్నా ఇంట్లో ఉందా?

మర్రిగూడ బిడ్డ
డిపాజిట్ కట్టిన రశీదు ఉంది. అమ్మ పెట్టెలో పెట్టింది. ఆదివారం ఊరికి పోయినప్పుడు ఫోటో తీసి పెడతాను.

లెక్కల పుస్తకం
దాని మీద తేదీ కూడా కనపడేలా తీయండి.