మందపాటి గోడల ఇంట్లో వైఫై: మెష్ చాలా, కేబుల్ లాగాల్సిందేనా?

అటకమీది_రౌటర్
పాత అపార్ట్‌మెంట్. లోపలి గోడలు కూడా 14 అంగుళాల ఇటుక కట్టుబడి. రౌటర్ ముందు గదిలో, చివరి పడకగది రెండు గోడల అవతల. ఇక్కడ 300 ఎంబీపీఎస్ వస్తే అక్కడ 8. మెష్ (అక్కడక్కడా పెట్టే నోడ్‌లనే చిన్న పెట్టెలు వైఫైని ఒకదాన్నుంచి ఒకటి అందుకుని పంచే ఏర్పాటు) కొంటే సరిపోతుందా, కేబుల్ కోసం గోడకు కన్నం పెట్టక తప్పదా?

రాగితీగ
కన్నమే. మెష్ వచ్చినంత మాత్రాన గోడ ఎక్కడికీ పోదు. ఇప్పటిదాకా ఫోనుకీ రౌటర్‌కీ మధ్య ఉన్న గోడ ఇకనుంచి నోడుకీ రౌటర్‌కీ మధ్య ఉంటుంది, అంతే తేడా. చివరి గదిలో ఫోన్ నిండా గీతలు చూపిస్తుంది. అవి పక్కనున్న నోడ్ సిగ్నల్‌వి. ఆ నోడ్ రౌటర్‌తో ఎంత అవస్థ పడుతోందో గీతల్లో తెలియదు. పైగా ఒకే రేడియో అటు అందుకుని ఇటు పంపాల్సిన మెష్‌లో ఒక్కో మజిలీకి వేగం దాదాపు సగం పోతుంది.

నడవలో_నోడ్
నోడ్‌ని సిగ్నల్ అందని గదిలోనే పెడితే జరిగేది అదే. చాలామంది పెట్టేదీ అక్కడే! పెట్టాల్సింది నడవలో, రెండు గదుల గుమ్మాలూ కనిపించే చోట. 5 గిగాహెర్ట్జ్ వైఫైకి చెక్క తలుపు పెద్ద అడ్డు కాదు, ఇటుక గోడే అడ్డు. వైఫై అనలైజర్ యాప్‌తో అక్కడ రౌటర్ సిగ్నల్ చూడండి. మైనస్ 65 డీబీఎం (సిగ్నల్ బలం కొలత, సున్నాకి దగ్గరైనకొద్దీ మేలు), అంతకంటే మెరుగ్గా ఉంటే పెట్టేయొచ్చు. మైనస్ 75 చూపిస్తే రౌటర్ వైపు జరపండి. 10 డీబీ తగ్గిందంటే మిగిలింది పదో వంతు బలమే. అయినా అద్దె ఇంట్లో ఉన్నవాళ్లని డ్రిల్ పట్టుకోమంటే ఎలా?

రాగితీగ
అద్దె ఇల్లయితే ద్వారబంధం అంచు వెంట అంటించే కేసింగ్ పట్టీలో కేబుల్ పోతుంది, తలుపు కింద సందులోంచి అవతలికి వెళ్తుంది. సొంత ఇల్లయితే ఒక మాట: ప్లగ్ బిగించి అమ్మే కేబుల్ కొనకండి. క్యాట్6 నెట్‌వర్క్ కేబుల్ లావు సుమారు 6 మి.మీ., ప్లగ్ వెడల్పు 12 మి.మీ. దాకా. ప్లగ్ కోసం అంత పెద్ద కన్నం దేనికి? 8 మి.మీ. బిట్ చాలు. గోడే 35 సెం.మీ., పైన రెండు వైపులా ప్లాస్టరింగ్, కాబట్టి 45 సెం.మీ. పొడవు బిట్ కావాలి. చివరి రెండు సెంటీమీటర్లూ హ్యామర్ ఆపేసి మెల్లగా తిప్పండి, లేకపోతే అవతల పెచ్చు ఊడుతుంది. స్విచ్‌బోర్డుకి సరిగ్గా పైనా, కిందా, పక్కనా డ్రిల్ పెట్టొద్దు, లోపల కరెంటు పైపు ఉండొచ్చు.

కేబుల్ దూర్చాక ప్లగ్ బిగించండి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. రెండు చివర్లా ఇదే వరస. మెలికలు 13 మి.మీ. మించి విప్పొద్దు. లింక్ వేగం 1000 ఎంబీపీఎస్ రాకుండా 100 దగ్గర ఆగిందంటే ఎనిమిది తీగల్లో ఏదో సరిగ్గా అందలేదు. 100కి రెండు జతలు చాలు, గిగాబిట్‌కి నాలుగూ కావాలి.

అవతల పాత రౌటర్ పెట్టినా పనవుతుంది. యాక్సెస్ పాయింట్ మోడ్ (కేబుల్‌లో వచ్చిన నెట్‌ని వైఫైగా పంచడం మాత్రమే చేసే పద్ధతి) లేకపోతే దాని ఐపీ చిరునామా మార్చి, పరికరాలకు చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ ఆపి, కేబుల్‌ని లాన్ (ఇంటి నెట్‌వర్క్) పోర్టులో గుచ్చండి. వాన్ (బయటి నెట్) పోర్టులో గుచ్చితే ఇంట్లో రెండు నెట్‌వర్కులై ఈ గది ఫోనుకి ఆ గది ప్రింటర్ కనిపించదు.

కోఆక్స్_కన్ను
టీవీ కోసం వేసిన కోఆక్స్ కేబుల్ గోడల్లో ఉంటే డ్రిల్ గొడవే లేదు. రెండు చివర్లా మోకా 2.5 అడాప్టర్లు (కోఆక్స్ మీదుగా నెట్ పంపేవి) పెట్టండి. ఇవి 1125 నుంచి 1675 మెగాహెర్ట్జ్ మధ్య నడుస్తాయి, ఒక కేబుల్‌ని రెండు మూడుగా చీల్చే పాత స్ప్లిటర్లు చాలావరకు 1000 దగ్గరే ఆగిపోతాయి, కాబట్టి స్ప్లిటర్ మార్చాలి. అదే తీగలో డిష్ సిగ్నల్ వస్తుంటే మాత్రం వద్దు, రెండూ ఢీకొంటాయి. కరెంటు తీగల మీదుగా నెట్ పంపే పవర్‌లైన్ అడాప్టర్లు చివరి మాటే. అవి కూడా నేరుగా గోడ సాకెట్‌లోనే పెట్టండి. స్పైక్ గార్డ్‌లో పెడితే అందులోని ఫిల్టర్ ఆ సిగ్నల్‌నే నాయిజ్ అనుకుని మింగేస్తుంది.

నడవలో_నోడ్
కేబుల్ వేసినా పని అయిపోలేదు. ఏ పెట్టెను పట్టుకోవాలో తేల్చుకునేది ఫోనే. రెండు చోట్లా సిగ్నల్ పవర్ పూర్తిగా పెంచితే ఫోన్ మొదట పట్టుకున్న రౌటర్‌నే పట్టుకుని వేలాడుతుంది. రౌటర్ కేక ఫోనుకి వినపడుతుంది కానీ ఫోన్ గొంతు చిన్నది, రౌటర్ దాకా చేరదు. రెండు చోట్లా 2.4 గిగాహెర్ట్జ్‌లో పవర్ మీడియం, ఛానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్, ఛానల్ ఒకచోట 1, ఇంకోచోట 6 లేదా 11. 5 గిగాహెర్ట్జ్‌లో వెడల్పు 80 బదులు 40 పెడితే గరిష్ఠ వేగం తగ్గుతుంది, కానీ 3 డీబీ కలిసొస్తుంది. గోడ అవతల ఆ 3 డీబీయే ముఖ్యం.

రాగితీగ
పవర్ సంగతి ఒప్పుకుంటాను, నేనది వదిలేశాను. డ్రిల్ తీసేముందు 20 మీటర్ల కేబుల్ నేల మీదే పరిచి, అవతలి గదిలో యాక్సెస్ పాయింట్ పెట్టి చూడండి. కొలత స్పీడ్‌టెస్ట్‌తో కాదు, ఇంట్లోనే రెండు యంత్రాల మధ్య వేగం కొలిచే ఐపెర్ఫ్3 ప్రోగ్రామ్‌తో. అప్పుడే నెట్ లోపమా, వైఫై లోపమా అన్నది తేలుతుంది.

నడవలో_నోడ్
మెష్ కొంటే వెనక్కి తిప్పి చూడండి. ఈథర్నెట్ పోర్టు లేని నోడ్ వద్దు. ఇవాళ గాలిలో నడిపినా, రేపు కన్నం పెట్టినప్పుడు అదే నోడ్‌కి కేబుల్ తగిలించుకోవచ్చు.