అడ్మిరల్ బింగ్‌ను కాల్చి చంపడం న్యాయమేనా?

పాతరేవు:
నిన్న ఇంకో చర్చలో ఒకరు రాశారు: "వెనక్కి తగ్గిన సేనానికి మరణశిక్షే సరి, బ్రిటిష్ నౌకాదళం సొంత అడ్మిరల్‌నే వదల్లేదు." ఆ మాట రాత్రంతా నాకు గుచ్చుకుంటూనే ఉంది. ఆ అడ్మిరల్ పేరు జాన్ బింగ్. 1757 మార్చి 14న పోర్ట్స్‌మౌత్ రేవులో, మొనార్క్ అనే ఓడ మీద ఆయన్ని కాల్చేశారు. పిరికితనం రుజువు కాలేదని శిక్ష వేసిన కోర్టే చెప్పింది. మరి దేనికి చంపినట్టు?

తెలియనివారి కోసం నాలుగు ముక్కలు. తండ్రి జార్జ్ బింగ్ పేరుమోసిన అడ్మిరల్. కొడుకు 13 ఏళ్లకు ఓడెక్కాడు, 23కు కెప్టెన్ అయ్యాడు, 1745లో రియర్ అడ్మిరల్, 1747లో వైస్ అడ్మిరల్. 1756లో మధ్యధరా సముద్రంలో బ్రిటన్ చేతిలో ఉన్న మినోర్కా దీవి మీద ఫ్రెంచివాళ్లు పడబోతున్నారని తెలిసి, ఆయన్ని పూర్తి అడ్మిరల్‌ని చేసి 10 ఓడలిచ్చి పంపారు. అప్పటికే ఆలస్యమైంది. ఆయన స్పెయిన్ కొసనున్న బ్రిటిష్ స్థావరం జిబ్రాల్టర్ చేరేసరికే శత్రువు దీవిలో దిగి సెయింట్ ఫిలిప్ కోటను చుట్టుముట్టాడు. మే 20న సముద్రంలో పోరాటం జరిగింది, ఇరువైపులా ఒక్క ఓడా మునగలేదు. నాలుగు రోజుల తర్వాత అధికారులందరినీ కూర్చోబెట్టి మాట్లాడి, జిబ్రాల్టర్‌కు తిరిగి వెళ్లిపోయాడు. జూన్ నెలాఖరుకి కోట లొంగిపోయింది. లండన్ భగ్గుమంది.

బింగ్ గొప్ప సేనాని అని నేననను. కానీ ఆయన్ని బలిచ్చింది మంత్రుల తప్పు కప్పిపుచ్చడానికే. అత్త మీది కోపం దుత్త మీద చూపించారు.

లంగరు:
పాతరేవు గారూ, ఆ మాట రాసింది నేనే. ఇప్పటికీ దాని మీదే ఉన్నాను.

ఆ రోజు పోరాటం ఎలా జరిగిందో చూడండి. ఓడలన్నీ ఒకదాని వెనకొకటి ఒకే వరసలో నడుస్తూ పోరాడడం అప్పటి పద్ధతి. వరసలో ముందు భాగం ఓడలు బింగ్ కింది అధికారి టెంపుల్ వెస్ట్ చేతిలో ఉన్నాయి. అవి నేరుగా ఫ్రెంచి ఫిరంగుల ముందుకెళ్లి దెబ్బలన్నీ తిన్నాయి. వెనక భాగం బింగ్‌ది. మధ్యలో ఇంట్రెపిడ్ అనే ఓడ ముందు తెరచాప కొయ్య విరిగి అడ్డం తిరిగింది. దాని వెనక ఓడలు ఒకదాని మీదొకటి పడేలా గుమిగూడాయి. బింగ్ తన ఓడ రామిలీస్‌ను నెమ్మది చేసి వరస సర్దుకోవడంలో పడ్డాడు. అంతలో ముందున్నవాళ్లు రక్తం ఓడుతున్నారు.

ఇక కోట సంగతి. లోపల ఉండి దాన్ని కాపాడుతున్న సేనాని బ్లేకెనీ 80 దాటిన ముసలాయన. నౌకాదళం వెళ్లిపోయాక కూడా నెలకు పైగా నిలబెట్టాడు. ఆ పెద్దాయనకున్న పట్టుదలలో సగం అడ్మిరల్‌కు ఉంటే?

తెనాలి_వకీలు:
చట్టం సంగతి చెప్పకపోతే ఈ చర్చ గాలిలోనే ఉంటుంది. 1749లో నౌకాదళ యుద్ధ నియమాలను తిరగరాశారు. పిరికితనం వల్లగానీ, నిర్లక్ష్యం వల్లగానీ, ద్రోహబుద్ధితోగానీ పోరాటంలో చేతనైనంతా చేయనివాడికి మరణమే. అంతకుముందు శిక్ష తగ్గించే వీలు కోర్టుకు ఉండేది, దాన్ని తీసేశారు. బింగ్ విషయంలో పిరికితనం లేదన్నారు, ద్రోహం లేదన్నారు. చేతనైనంతా చేయలేదన్నారు. ఆ ఒక్క మాటతో మరణం దానంతటదే వచ్చి పడింది. జడ్జీలుగా కూర్చున్న అధికారులే క్షమాభిక్ష ఇవ్వమని వేడుకుంటూ రాశారు.

అంత కఠినంగా ఎందుకు మార్చారో కూడా చెప్పాలి. 1745లో ఆంగిల్‌సీ అనే ఓడ ఫ్రెంచివాళ్లకు చిక్కింది. పోరాటంలో కెప్టెన్ చనిపోతే బేకర్ ఫిలిప్స్ అనే లెఫ్టినెంట్ పగ్గాలు తీసుకున్నాడు, ఓడను అప్పగించాల్సి వచ్చింది. అతన్ని కాల్చేశారు. దాదాపు అదే రోజుల్లో ఫ్రాన్స్ రేవు టులాన్ దగ్గర జరిగిన నౌకాపోరాటంలో తప్పుచేసిన పెద్ద అధికారుల్లో ఒక్కడి ప్రాణమూ పోలేదు. చిన్నవాడికో న్యాయం, పెద్దవాడికో న్యాయమా అని జనం మండిపడ్డారు.

లంగరు:
నా బాధ సరిగ్గా అదే. లెఫ్టినెంట్‌ను చంపినప్పుడు లేని దయ అడ్మిరల్ కొడుకు దగ్గరికి వచ్చేసరికి ఎక్కడినుంచి పుట్టుకొచ్చింది?

పాతరేవు:
ఫిలిప్స్ విషయంలో మీతో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను. అతనికి జరిగింది ఘోరం. కానీ ఒక ఘోరానికి ఇంకో ఘోరం తూకమా?

టులాన్ మాట వచ్చింది కాబట్టి ఇది వినండి. 1744లో అక్కడ అడ్మిరల్ మాథ్యూస్ వరస చెదిరినా లెక్కచేయక శత్రువు మీదికి దూకాడు. ఆయన కిందివాడు లెస్టాక్ వరస పేరుతో దూరంగా ఉండిపోయాడు. చివరికి ఉద్యోగం ఊడింది మాథ్యూస్‌ది, లెస్టాక్ నిర్దోషి! మాథ్యూస్ విచారణలో జడ్జీగా కూర్చున్నవాళ్లలో బింగ్ ఒకడు. పన్నెండేళ్ల తర్వాత రామిలీస్ డెక్కు మీద, ముందుకు పోదామని కెప్టెన్ గార్డినర్ అంటే, బింగ్ మాథ్యూస్‌కు పట్టిన గతినే గుర్తుచేశాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. వరస తప్పితే మాథ్యూస్ గతి, తప్పకపోతే ఇదిగో ఇది.

ఇంజన్_గది:
నేను 11 ఏళ్లు సరుకు ఓడల్లో పనిచేశాను. యుద్ధం సంగతి నాకు తెలియదు, పాడైన ఓడ సంగతి తెలుసు. ఒకసారి పంపు సరిగ్గా లేదని నాలుగుసార్లు రాసిచ్చినా కంపెనీ పట్టించుకోలేదు. నడిసముద్రంలో ఇంజన్ గదిలో మోకాలి లోతు నీళ్లు. అర్ధరాత్రి బకెట్లతో తోడాం. ఒడ్డుకు రాగానే మొదటి ప్రశ్న నన్నే అడిగారు: నువ్వెందుకు చూసుకోలేదని.

బింగ్‌కు ఇచ్చిన ఓడలు కూడా మరమ్మతు లేనివే. మనుషులు చాలలేదు. కోటకు పంపే సైనికులకు చోటు కోసం ఓడల్లోని మెరైన్లను, అంటే ఓడల మీద పోరాడే నౌకాదళ సైనికులను, ఇంగ్లండ్‌లోనే దింపేశారు. అంటే ఆ సైనికులను కోటలో దింపితే ఓడలు నడిపి పోరాడేవాళ్లు కరువు, దింపకపోతే కోటకు సాయం లేదు. జిబ్రాల్టర్ గవర్నర్ కూడా దళాన్ని ఇవ్వనన్నాడు. ఈ లెక్క లండన్‌లో బల్ల ముందు కూర్చున్నవాళ్లకు తెలియదా?

లంగరు:
ఇంజన్_గది అన్నా, మీ మాట కాదనలేను. మెరైన్ల సంగతి నాకు తెలియదు. అయినా సైన్యాన్ని దింపే ప్రయత్నమైనా గట్టిగా చేసి ఉండాల్సిందని నా పట్టు.

తెనాలి_వకీలు:
విచారణకు ముందూ శిక్ష పడ్డాకా జరిగిందే నాకు ఎక్కువ బాధ. విచారణకు ముందే నౌకాశాఖ బింగ్ పంపిన నివేదికలో ఆయనకు బలమిచ్చే భాగాలు కోసేసి ప్రభుత్వ పత్రిక గెజెట్‌లో అచ్చేసింది. జనం ఆయన దిష్టిబొమ్మలు తగలబెట్టారు. మినోర్కాలో ఫ్రెంచి సైన్యాన్ని నడిపిన రిషెల్యూ సైతం బింగ్ తరఫున ఉత్తరం రాశాడు. తీర్పిచ్చిన కెప్టెన్ కెపెల్, రహస్యంగా ఉంచుతామని చేసిన ప్రమాణం నుంచి విడిపిస్తే మనసులో మాట చెబుతానన్నాడు. ఆ ప్రమాణం నుంచి విడిపించడానికి పార్లమెంటు దిగువ సభ కామన్స్ బిల్లు చేసింది, ఎగువ సభ లార్డ్స్ తోసేసింది. మంత్రి పిట్ వెళ్లి కామన్స్ సభ దయ చూపాలంటోందని చెబితే రెండో జార్జి రాజు వినలేదు.

1779లో ఆ నియమాన్ని సడలించి, మరణం కాకుండా వేరే శిక్ష వేసే వీలిచ్చారు. బింగ్ పోయిన 22 ఏళ్లకు.

పాతరేవు:
ఆ మధ్యాహ్నం తల్చుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది. డెక్కు మీద ఒక దిండు వేశారు. కళ్లకు గంతలు వద్దన్నాడు బింగ్. ఆయన ముఖం చూస్తే మెరైన్లు తడబడతారని చుట్టూ ఉన్నవాళ్లు బతిమాలితే ఒప్పుకుని తన రుమాలే కట్టుకున్నాడు. మోకాళ్ల మీద కూర్చుని, చేతిలోని ఇంకో రుమాలు తానే జారవిడిచాడు. అదే సైగ. ప్రాణానికి భయపడేవాడు చేసే పనేనా అది?

2007లో వారసులు క్షమాపణ ఇప్పించమని అడిగితే రక్షణ శాఖ కుదరదంది.

లంగరు:
భయపడలేదని ఒప్పుకుంటున్నాను. ఉద్యోగం పీకేయాల్సిందని ఇప్పటికీ అంటాను. నేనే ఆ కోర్టులో ఉంటే దోషి అనే రాసేవాణ్ణి, కెపెల్‌లాగే నిద్రపోలేకపోయేవాణ్ణి కూడా. "మరణశిక్షే సరి" అన్న నిన్నటి మాట మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను.

రేపు బేకర్ ఫిలిప్స్ మీద వేరే చర్చ తెరుస్తాను. వకీలు గారూ, మీరు తప్పక రావాలి.