హెవీ టెస్టులో బండి వెనక్కి జారిపోయింది, మళ్లీ వెళ్లేలోగా ఏం ప్రాక్టీస్ చెయ్యాలి?

పొందూరు కుర్రాడు:
అన్నలూ, మూడేళ్లు క్లీనరుగా చేసి ఇప్పుడు హెవీ లైసెన్స్ కోసం తిరుగుతున్నాను. మొన్న టెస్టులో ఎత్తు మీద ఆపి మళ్లీ కదపమన్నారు, క్లచ్ వదిలేలోపే బండి మూరెడు వెనక్కి జారింది, అక్కడితో సరి. డ్రైవింగ్ స్కూల్లో ఒక్క లారీకి తొమ్మిది మందిని ఎక్కించి తలా పది నిమిషాలు స్టీరింగ్ ఇస్తే ఏటి నేర్చుకుంటాం చెప్పండి. మళ్లీ ఎప్పుడు వెళ్లొచ్చు? ఇన్‌స్పెక్టర్ గారు పక్కన కూర్చుంటే కాలు వణుకుతోంది, దానికేమైనా మందుందా?

సాలూరు ఘాట్:
తమ్ముడూ, నేనూ మొదటిసారి పోయినవాణ్నే, ఇప్పుడు లోడుతో సుంకి ఘాట్ ఎక్కుతున్నాను. నువ్వు బ్రేకు మీద కాలు తీసి యాక్సిలరేటర్ కోసం వెతుక్కుని ఉంటావు, బండి జారేది ఆ క్షణంలోనే. హ్యాండ్ బ్రేక్ వేసే ఉంచు. ఫస్ట్ గేరులో క్లచ్ మెల్లగా వదులుతుంటే ఒకచోట ఇంజిన్ సౌండు బరువెక్కి క్యాబిన్ కొంచెం వణుకుతుంది, కాలు అక్కడే ఆపి, కాస్త రేజ్ చేసి, అప్పుడు హ్యాండ్ బ్రేక్ వదులు. వెనక టైరుకి జానెడు దూరంలో ఖాళీ వాటర్ బాటిల్ పెట్టుకుని చెయ్యి. వరసగా పదిసార్లు బాటిల్ నలగలేదంటే నీకు వచ్చినట్టే.

ఇంకోటి, ఎయిర్ బ్రేక్ బండి స్టార్ట్ చెయ్యగానే గేరు వెయ్యకు. ట్యాంకులో గాలి సరిపోక బజర్ మోగుతుండగా కదిపావంటే నీ సంగతి ఇన్‌స్పెక్టర్‌కి అక్కడే తెలిసిపోతుంది. గాలి గేజు ముల్లు పైకి వచ్చేలోపు సీటు, అద్దాలు సర్దుకో, వణుకు కూడా ఈలోపు కొంత తగ్గుతుంది.

నరసన్నపేట స్టీరింగ్:
క్లీనరుగా చేసినవాళ్లకి ఒక జబ్బు ఉంటుంది, నాకూ ఉండేది. వెనక ఎవడో 'రానీ, రానీ' అని అరుస్తాడనుకుని రివర్స్‌లో అద్దం చూడరు. టెస్టులో ఆ అరుపు ఉండదు మరి. రెండు అద్దాలూ మార్చి మార్చి చూస్తూ నడక కన్నా నెమ్మదిగా రా, డౌటొస్తే ఆగు, ఆగితే ఎవరూ కొట్టరు. ఎడమ టర్నింగులో వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకుని వస్తాయి, అందుకే మూల దాటి కొంచెం ముందుకెళ్లాక తిప్పాలి. చేతి సిగ్నళ్లు కూడా అడుగుతారు, ఇండికేటర్ ఉంది కదా అని వదిలెయ్యకు.

విజయనగరం బళ్లు:
రూలు ప్రకారం ఫెయిలైన 7 రోజుల తర్వాత మళ్లీ వెళ్లొచ్చు, మూడుసార్లూ పోతే మాత్రం 60 రోజులు ఆగాలి. ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్స్) 6 నెలలే పనిచేస్తుంది, తేదీ చూసుకో. డ్రైవింగ్ నేర్పామని స్కూల్ వాళ్లిచ్చే సర్టిఫికెట్, ఫారం 5, దగ్గరుంచుకో, సరిగ్గా నేర్పకపోయినా ఆ కాగితం మాత్రం వాళ్ల దగ్గరే తీసుకోవాలి, ఏం చేస్తాం. అసలు నువ్వు తోలాలనుకునేది ఏ బండి? మొత్తం బరువు 7,500 కిలోల లోపు గూడ్స్ బండి అయితే కారు లైసెన్సే చాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

పొందూరు కుర్రాడు:
పది చక్రాల బండి అన్నా, తప్పదు. ఎల్‌ఎల్‌ఆర్‌కి ఇంకా 40 రోజులుంది. మిల్లు దగ్గర ర్యాంపు ఉంది, ఆదివారం ఖాళీ బండి ఇస్తానని మా ఓనరు గారు అన్నారు.

సాలూరు ఘాట్:
ఒక్కడివే ఎక్కకు, హెవీ లైసెన్స్ ఉన్న పాత డ్రైవర్ని పక్కన కూర్చోబెట్టుకో. ముందూ వెనకా ఎల్ బోర్డు పెట్టు. బాటిల్‌కి మూత మాత్రం తీసెయ్, అది టైరు కింద ఢామ్మంటే టైరు పేలిందనుకుని మీ ఓనరు పరిగెత్తుకొస్తాడు.