చోక్ తీయగానే ఆగిపోతున్న జనరేటర్: నిజంగా బోరు చేయించాలా?

మారతహళ్లి మెస్:
బెంగళూరులో చిన్న ఆంధ్ర మెస్ నడుపుతున్నాను. కరెంటు పోతే మిక్సీకి, ఫ్యాన్లకు ఆసరాగా 2 కేవీఏ పెట్రోల్ జనరేటర్ ఉంది. ఫోర్ స్ట్రోక్, తాడు లాగి స్టార్ట్ చేసే రకం. వేసవి తర్వాత దాన్ని ముట్టుకోలేదు. ఆదివారం సరిగ్గా భోజనాల వేళ కరెంటు పోయింది. తాడు లాగీ లాగీ భుజం పట్టేసింది కానీ ఇంజన్ అందుకోదు. గాలిని తగ్గించే చోక్ పూర్తిగా మూసి లాగితే ఎప్పటికో అందుకుంటుంది, చోక్ తీయగానే రెండుసార్లు దగ్గి ఆగిపోతుంది. సగం మూసి ఉంచితే ఎగుడుదిగుడుగా తిరుగుతుంది. ఆయిల్ సరిగ్గానే ఉంది, స్పార్క్ ప్లగ్గు కొత్తది. మెకానిక్ వచ్చి పిస్టన్ రింగులు పోయాయి, బోరు చేయించాలి, అంటే సిలిండర్ లోపలివైపు కోయించాలి అన్నాడు. అతను చెప్పిన డబ్బుకు పాతది ఇంకొకటి వచ్చేస్తుంది. ఏం చేయమంటారు?

హోసూరు రోడ్డు:
ప్లగ్గుకు నిప్పు పుట్టించే కాయిల్ పోయి ఉంటుందండీ. మాకూ ఇలాగే అయింది. కాయిల్ మార్చాక ఒక్క లాగుకే అందుకుంది.

పాత పానా:
కాయిల్ పోయిన ఇంజన్‌కు చోక్ మూసినా తీసినా ఒకటే. ఇక్కడ చోక్ మూస్తే బతుకుతోంది, తీస్తే చస్తోంది. అంటే నిప్పు ఉంది, పెట్రోల్ చాలడం లేదు. చోక్ గాలి దారిని మూసినప్పుడు ఇంజన్ పీల్పు అంతా కార్బ్యురేటర్‌లో (పెట్రోల్‌ను గాలితో కలిపే భాగం) పెట్రోల్ వచ్చే సన్న రంధ్రపు జెట్ మీద పడి, సగం పూడిన రంధ్రంలోంచి కూడా ఎంతో కొంత లాగుతుంది. రింగులు పోతే నీలి పొగ రావాలి, ఆయిల్ తగ్గాలి. మీరు ఆ రెండూ చెప్పలేదు. బోరు అన్న పెద్దమనిషికి టీ ఇచ్చి పంపించండి.

వేసవి పెట్రోల్ ట్యాంకులోనే ఉంది కదా? పెట్రోల్‌లో త్వరగా ఆవిరయ్యే భాగమే చల్లటి ఇంజన్‌ను లేపుతుంది, నెలల తరబడి ఉంచితే ముందు పోయేదీ అదే. పైగా ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపినది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు మితిమీరితే ఇథనాల్‌ను వెంటబెట్టుకుని పెట్రోల్ నుంచి విడిపోయి అడుగుకు దిగుతుంది.

ముందు పొయ్యిలన్నీ ఆర్పి, జనరేటర్‌ను ఆరుబయటికి తెచ్చుకోండి. పెట్రోల్ కాక్ (ట్యాంకు కింది కుళాయి) మూసి, కార్బ్యురేటర్ అడుగున ఉన్న బోల్టు వదులు చేసి, కారేదాన్ని గాజు సీసాలో పట్టండి. వెలుతురుకు ఎత్తి చూస్తే అడుగున వేరే పొర ఉందో లేదో మీకే తెలుస్తుంది. తర్వాత కార్బ్యురేటర్ అడుగు గిన్నె విప్పి, మధ్యలో ఉండే ఇత్తడి జెట్‌ను సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్‌తో తీయండి. సరిపోనిది పెడితే గాడి చెడిపోయి అది అక్కడే ఉండిపోతుంది. జెట్‌లోంచి ఆకాశాన్ని చూడండి. రంధ్రం గుండ్రంగా కనిపించాలి. అర్ధచంద్రుడిలా కనిపిస్తే దొంగ దొరికినట్టే. గుండుసూది పెట్టవద్దు, ఇత్తడి మెత్తనిది, రంధ్రం పెద్దదైతే ఇక కొత్త జెట్టే. కరెంటు తీగలోని సన్నటి రాగి పోగు ఒకటి తీసి ఆడించి, కార్బ్యురేటర్ క్లీనర్ కొట్టండి. జెట్ పైన ఉండే గొట్టానికి పక్కన చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి, వాటిని చాలామంది వదిలేస్తారు. అవీ చూడాలి. ట్యాంకులోది పూర్తిగా తీసేసి కొత్త పెట్రోల్ పోయండి.

మారతహళ్లి మెస్:
చేశానండీ. సీసా అడుగున నీళ్లలాంటి పొర స్పష్టంగా కనిపించింది. గిన్నెలో తెల్లటి పొడి. జెట్‌లోంచి వెలుతురు సూది మొనంత కూడా రాలేదు. శుభ్రం చేసి బిగించాక అందుకుంది, చోక్ తీసినా నిలకడగా తిరుగుతోంది. ఒక్కటే మిగిలింది. బాగా వేడెక్కాక ఆపి వెంటనే లాగితే మాత్రం మొరాయిస్తోంది. అరగంట చల్లారితే మళ్లీ మామూలే.

పాత పానా:
అది వేరే జబ్బు. హోసూరు రోడ్డు గారి కాయిల్ అనుమానం ఇక్కడ పనికొస్తుంది. వేడి మీద మొరాయించినప్పుడే ప్లగ్గు తీసి, దాని టోపీకి తగిలించి, లోహపు భాగాన్ని ఇంజన్‌కు ఆనించి, ప్లగ్గు రంధ్రానికి, పెట్రోల్‌కు దూరంగా పట్టి తాడు లాగించండి. నిప్పు రాకపోతే కాయిల్. వస్తే వాల్వ్ క్లియరెన్స్, అంటే వాల్వ్‌కూ దాన్ని నొక్కే మీటకూ మధ్య సందు, చూడాలి. సందు మరీ తగ్గితే వేడికి వాల్వ్ పూర్తిగా మూసుకోక కంప్రెషన్ జారిపోతుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. ఈ సైజు ఇంజన్లలో తరచూ ఇన్‌టేక్‌కు 0.15, ఎగ్జాస్ట్‌కు 0.20 మిల్లీమీటర్లు ఉంటుంది. మీ మోడల్ పుస్తకంలో ఉన్నదే ప్రమాణం.

ఇంకో మాట. జనరేటర్‌ను వంటగది పక్కన గదిలో నడుపుతున్నారేమో. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. వాన పడినా సరే, బయట రేకు కింద పెట్టండి.

మారతహళ్లి మెస్:
సందు కొలిచే గేజి ఎక్కడ దొరుకుతుంది?

హోసూరు రోడ్డు:
జేసీ రోడ్డులో స్పేర్ పార్టుల దుకాణాల్లో అడగండి. ఫీలర్ గేజి అంటే ఇస్తారు. కాయిల్ కూడా అక్కడే చూసుకోవచ్చు, ఎందుకైనా మంచిది.